వెన్నెముక సమస్య ఉంటే హెల్త్ ఇన్సూరెన్స్ రాదా..? మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులు తెలుసుకోవాల్సిన విషయాలివే

నడుము నొప్పి తగ్గట్లేదని డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఎమ్మారై తీయించమన్నారు. ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ జారిందని రిపోర్ట్ వచ్చింది. ప్రస్తుతానికి ఆపరేషన్ అక్కర్లేదు, మందులు, ఫిజియోథెరపీ చాలని డాక్టర్ చెప్పారు. హమ్మయ్య అనుకున్నారు. ఇంటికొచ్చాకే అసలు టెన్షన్ మొదలైంది. రేపు నిజంగానే ఆపరేషన్ చేయాల్సి వస్తే..? ఇప్పుడు హెల్త్ పాలసీ అడిగితే ఇస్తారా..? ఈ ఎమ్మారై సంగతి కంపెనీకి చెప్పాలా, వద్దా..?

పడమటి మండలాల్లో చాలా ఇళ్లలో ఉన్న ప్రశ్నే ఇది. మదనపల్లె టమాటా మార్కెట్‌లో తెల్లవారకముందే క్రేట్లు మోసే హమాలీలు, నీరుగట్టువారిపల్లెలో గుంత మగ్గం మీద రోజంతా వంగి కూర్చునే చేనేత కార్మికులు, పుంగనూరు పల్లెల్లో పాడి పశువుల పని చేసే మహిళలు, కుప్పం నుంచి రోజూ బెంగళూరు రైలెక్కే ఉద్యోగులు.. వీళ్లందరికీ నడుమే పెట్టుబడి. అది దెబ్బతింటే ఆదాయం ఆగిపోతుంది, ఆసుపత్రి ఖర్చు మొదలవుతుంది.

మరి వెన్నెముక సమస్య ఉన్నవారికి ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తారా..? ఇస్తే ఏ షరతులతో ఇస్తారు..? ఇవ్వకపోతే దారేంటి..? పూర్తి వివరాలు చూద్దాం.

ముందుగా ముఖ్యాంశాలు

- వెన్నెముక సమస్య ఉన్నంత మాత్రాన పాలసీ తలుపులు మూసుకుపోవు. షరతులతో ఇచ్చే అవకాశం ఎక్కువ.
- పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 3 ఏళ్లే. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. అంతకుముందు 4 ఏళ్లు ఉండేది.
- మీకు ఎలాంటి నడుము సమస్య లేకపోయినా సరే, డిస్క్ ఆపరేషన్‌కు చాలా పాలసీల్లో 2 ఏళ్ల వెయిటింగ్ ఉంటుంది.
- ఎమ్మారై రిపోర్ట్ దాచిపెట్టి పాలసీ తీసుకుంటే, క్లెయిమ్ దగ్గర దొరికిపోయే ప్రమాదం ఎక్కువ.
- తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. దానికి వెయిటింగ్ పీరియడ్ లేదు.

కంపెనీలు ఎందుకు వెనకాడతాయి..?

వెన్నెముక జబ్బుల్లో చాలావరకు ఒక్కసారి వచ్చి పోయేవి కావు. ఇవాళ మందులతో తగ్గిన డిస్క్ నొప్పి రెండేళ్లకు మళ్లీ తిరగబెట్టొచ్చు. ఆపరేషన్ అయిన చోటుకు పైనో కిందో ఉన్న డిస్క్ తర్వాత ఇబ్బంది పెట్టొచ్చు. రాడ్లు, స్క్రూలు వేసే సర్జరీ అయితే ఇంప్లాంట్ల ఖర్చే భారీగా ఉంటుంది. కంపెనీ లెక్కలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

అందుకే "వెన్ను సమస్య" అని రాస్తే సరిపోదు. ఏ సమస్య అన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. వయసు రీత్యా వచ్చే స్పాండిలోసిస్ వేరు, డిస్క్ జారి నరం నొక్కుకోవడం వేరు. పుట్టుకతోనో, ఎదిగే వయసులోనో వచ్చే గూని వేరు. కీళ్లవాతం లాంటి యాంకిలోసింగ్ స్పాండిలైటిస్ వేరు. ప్రమాదంలో వెన్నుపూస విరిగి కాళ్లు పడిపోవడం పూర్తిగా వేరు.

ఇంకోటి కూడా ఉంది. అది వెన్నెముక టీబీ. వందేళ్లకు పైగా చరిత్ర ఉన్న ఆరోగ్యవరం టీబీ శానటోరియం మదనపల్లె పక్కనే ఉంది కాబట్టి ఇక్కడివారికి టీబీ కొత్త పేరేమీ కాదు. కానీ అది ఊపిరితిత్తులకే కాదు, వెన్నుకూ వస్తుందని చాలామందికి తెలియదు. టీబీ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. కోర్సు పూర్తయ్యాక "చికిత్స పూర్తయింది" అని రాసిన కాగితం తీసి పెట్టుకోండి. రేపు పాలసీకి అప్లై చేసినప్పుడు ఆ కాగితం బాగా పనికొస్తుంది.

కంపెనీ ఏం చెప్పొచ్చు..? ఐదు రకాల సమాధానాలు

1. మామూలుగా పాలసీ ఇచ్చేయడం. ఎప్పుడో ఒకసారి నడుం పట్టేసి, తగ్గిపోయి, స్కాన్‌లో పెద్దగా ఏమీ లేకపోతే ఇలా జరగొచ్చు.

2. వెయిటింగ్ పీరియడ్‌తో ఇవ్వడం. డిస్క్ సమస్య ఉన్న చాలామందికి ఎదురయ్యే సమాధానం ఇదే. వెన్నుకు తప్ప మిగతా జబ్బులకు మామూలు నిబంధనలే వర్తిస్తాయి.

3. ప్రీమియం పెంచి ఇవ్వడం. దీన్ని లోడింగ్ అంటారు. ఎంత పెంచుతున్నారో ముందే చెప్పి, మీ అంగీకారం తీసుకోవాలి.

4. కొన్ని జబ్బులను శాశ్వతంగా మినహాయించి ఇవ్వడం. దీనికీ మీ సమ్మతి కావాలి. ఇలా శాశ్వతంగా పక్కన పెట్టదగ్గ జబ్బుల జాబితాను ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాల్లో ఇచ్చింది. కిడ్నీ వైఫల్యం, పక్షవాతం, మూర్ఛ లాంటివి అందులో ఉన్నాయి. మామూలు డిస్క్ సమస్య, స్పాండిలోసిస్ పేర్లు లేవు. కాబట్టి "మీ నడుముకు ఎప్పటికీ కవరేజీ ఉండదు" అని ఏజెంట్ నోటిమాటగా చెబితే, అది ఏ క్లాజ్ కింద అని అడగండి.

5. పాలసీ ఇవ్వలేమని చెప్పడం. ఇటీవలే సర్జరీ అయినవారికి, సర్జరీ చేయించుకోమని డాక్టర్ ఇప్పటికే రాసిచ్చినవారికి ఈ సమాధానం రావొచ్చు. అక్కడితో ఆగిపోవాల్సిన పనిలేదు. ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క ఉంటుంది. ఒకరు కాదన్న కేసును మరొకరు వెయిటింగ్‌తో తీసుకోవచ్చు. కాకపోతే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. "గతంలో ఏ కంపెనీ అయినా తిరస్కరించిందా" అని తర్వాతి కంపెనీ ఫారంలో అడిగితే నిజమే చెప్పాలి.

వెయిటింగ్ పీరియడ్ ఒకటి కాదు.. మూడు

ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. పాలసీ మొదలైన రోజు నుంచి మూడు గడియారాలు ఒకేసారి నడుస్తాయి.

మొదటిది 30 రోజులది. ఈ నెల రోజుల్లో వచ్చే జబ్బులకు క్లెయిమ్ ఉండదు. యాక్సిడెంట్లకు మాత్రం మొదటి రోజు నుంచే కవరేజీ.

రెండోది నిర్ణీత జబ్బులది. కేటరాక్ట్, హెర్నియా లాంటి వాటితో పాటు డిస్క్ జారడం, వెన్నెముక జబ్బులు కూడా సాధారణంగా ఈ లిస్టులో ఉంటాయి. అన్ని కంపెనీలూ అమ్మే స్టాండర్డ్ పాలసీ ఆరోగ్య సంజీవనిలో ఇది 24 నెలలు. అంటే పాలసీ తీసుకున్న రోజు మీ నడుము ఉక్కులా ఉన్నా సరే, ఏడాదిలోపు డిస్క్ జారితే ఆ ఆపరేషన్‌కు డబ్బు రాదు. యాక్సిడెంట్ వల్ల జారితే మాత్రం మినహాయింపు ఉంది.

మూడోది ముందే ఉన్న జబ్బులది. దీన్ని పాలసీ కాగితాల్లో ప్రీ-ఎగ్జిస్టింగ్ డిసీజ్ అంటారు. పాలసీ తీసుకునే ముందు 36 నెలల్లో డాక్టర్ నిర్ధారించిన జబ్బు, లేదా ఆ కాలంలో సలహా, చికిత్స తీసుకున్న జబ్బు దీని కిందికి వస్తుంది. గరిష్ఠ వెయిటింగ్ 36 నెలలు. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియంతో దీన్ని తగ్గిస్తాయి.

ఒకే జబ్బు రెండో లిస్టులోనూ, మూడో లిస్టులోనూ ఉంటే ఏది ఎక్కువ కాలమో అదే వర్తిస్తుంది. రెండూ కలిపి ఐదేళ్లు అనుకోవద్దు. ఉదాహరణకు డిస్క్ సమస్య ముందే ఉన్న వ్యక్తి ఇవాళ పాలసీ తీసుకుంటే, మూడేళ్లు ఆపకుండా రెన్యువల్ చేసుకుంటే చాలు. నాలుగో ఏడాది నుంచి ఆ డిస్క్‌కు కూడా కవరేజీ వచ్చేస్తుంది.

"ఆపకుండా" అన్న మాట ముఖ్యం. టమాటా రేటు పడిపోయిందనో, పండగ ఖర్చు వచ్చిందనో ఒక ఏడాది ప్రీమియం వదిలేస్తే గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏడాది పాలసీలకు గడువు దాటాక 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. అది కూడా దాటనివ్వకండి.

కొంత ఊరట ఏంటంటే, వ్యక్తిగత హెల్త్ పాలసీల ప్రీమియంపై 18 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి పూర్తిగా ఎత్తేశారు.

చెప్పాలా..? దాచాలా..?

"ఎమ్మారై సంగతి రాయకండి సార్, నేను చూసుకుంటా".. ఈ మాట చెప్పే ఏజెంట్లు ఉంటారు. పాలసీ అమ్ముడైతే అతని పని అయిపోతుంది. ఆపరేషన్ టేబుల్ మీద పడుకునేది మీరు.

క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ పాత రికార్డులు అడుగుతుంది. డిశ్చార్జ్ సమ్మరీలో "రెండేళ్లుగా నడుము నొప్పి" అని డ్యూటీ డాక్టర్ రాసిన ఒక్క లైన్ చాలు. ఆ లైన్ మీరు చెప్పిందే అయి ఉంటుంది. పాలసీ తీసుకుని ఏడాదే అయితే, ముందే జబ్బు ఉన్నా దాచారని క్లెయిమ్ ఆపేస్తారు. పాలసీనే రద్దు చేసే పరిస్థితి కూడా రావొచ్చు.

మరి నిజం చెబితే లాభమేంటి..? లాభం ఉంది. 2021 డిసెంబర్‌లో మన్మోహన్ నందా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. మీరు చెప్పిన ఆరోగ్య వివరాలు చూసి, లెక్కలేసుకుని పాలసీ ఇచ్చాక, తర్వాత అదే జబ్బును సాకుగా చూపి క్లెయిమ్ తిరస్కరించడం కుదరదని ఆ తీర్పు సారాంశం.

నడుము జబ్బు మీదే ఇంకో కేసు కూడా ఉంది. ఒక వ్యక్తి తనకున్న లంబార్ స్పాండిలైటిస్, సయాటికా గురించి చెప్పకుండా జీవిత బీమా తీసుకున్నారు. తర్వాత గుండె జబ్బుతో చనిపోయారు. నడుము జబ్బు దాచారని క్లెయిమ్ నిరాకరించారు. 2015లో సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. చావుకు కారణమైన జబ్బు వేరు, చెప్పని జబ్బు వేరు అని చూసింది.

ఈ తీర్పు చూసి "అయితే దాచొచ్చు" అనుకుంటే పొరపాటే. అది జీవిత బీమా కేసు. అక్కడ నడుముకూ మరణానికీ సంబంధం లేదు. మీరు రేపు క్లెయిమ్ చేయబోయేది ఆ నడుము కోసమే. పైగా ఆ కుటుంబం డబ్బు కోసం ఢిల్లీ దాకా కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

ఐదేళ్ల రూల్ గురించీ వినే ఉంటారు. 60 నెలలు ఆపకుండా ప్రీమియం కట్టాక, జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. అది మారటోరియం. గతంలో 8 ఏళ్లు ఉండేది, 2024లో 5కు తగ్గించారు. కానీ మోసం అని రుజువైతే ఈ రక్షణ ఉండదు. తెలిసీ తెలియక వదిలేసిన చిన్న విషయాల కోసం ఉన్న రక్షణ ఇది. దాచడానికి లైసెన్స్ అనుకోవద్దు.

ఇంకో చిన్న జాగ్రత్త. ప్రపోజల్ ఫారం చాలాసార్లు ఏజెంటే నింపేస్తాడు, మనకు ఓటీపీ మాత్రం వస్తుంది. పాలసీ చేతికి రాగానే దాంతో పాటు వచ్చే ప్రపోజల్ కాపీ చదవండి. నడుము సమస్య దగ్గర "లేదు" అని పడి ఉంటే వెంటనే ఈమెయిల్‌లో సరిచేయమని రాయండి. నచ్చకపోతే 30 రోజుల్లోపు పాలసీ వెనక్కి ఇచ్చేయొచ్చు. దీన్నే ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు.

ఏది కవర్ అవుతుంది..? ఏది కాదు..?

వెన్నెముక విషయంలో గొడవలన్నీ ఇక్కడే. ఒక్కొక్కటీ చూడండి.

- ఎమ్మారై కోసమే అడ్మిట్ అవడం: కవర్ కాదు. పరీక్షల కోసం మాత్రమే ఆసుపత్రిలో చేరితే డబ్బులివ్వరు. సర్జరీకి ముందు తీసిన ఎమ్మారై మాత్రం ప్రీ-హాస్పిటలైజేషన్ ఖర్చు కింద వస్తుంది. సాధారణంగా అడ్మిషన్‌కు ముందు 30 రోజులు లెక్కలోకి తీసుకుంటారు, కొన్ని పాలసీల్లో 60.

- బెడ్ రెస్ట్, ట్రాక్షన్: "పది రోజులు పడుకోండి" అన్నదానికే అడ్మిట్ అయితే రెస్ట్ క్యూర్ అని కొట్టేస్తారు. చికిత్స ఏం జరిగిందో రికార్డుల్లో స్పష్టంగా ఉండాలి.

- ఫిజియోథెరపీ: ఊరికే క్లినిక్‌కు వెళ్లి చేయించుకుంటే మామూలు పాలసీలో రాదు. ఆపరేషన్ తర్వాత డాక్టర్ రాసిస్తే, డిశ్చార్జ్ నుంచి 60 లేదా 90 రోజుల దాకా పోస్ట్-హాస్పిటలైజేషన్ కింద అడగొచ్చు. ప్రిస్క్రిప్షన్‌లో ఎన్ని సిట్టింగ్స్ అన్నది రాయించుకోండి.

- దీర్ఘకాల రిహాబిలిటేషన్: వెన్నుపాము దెబ్బతిని నెలల తరబడి శిక్షణ అవసరమైన వారికి ఇదే పెద్ద ఖర్చు. చాలా పాలసీల్లో ఇది మినహాయింపుల జాబితాలో ఉంటుంది.

- బెల్టు, వాకర్, వీల్‌చైర్: ఎక్కువ పాలసీల్లో రావు.

- సర్జరీలో నరాలను కనిపెట్టి చూసే న్యూరో మానిటరింగ్, రోబోటిక్ సర్జరీ: ఆధునిక చికిత్సల జాబితాలో ఉన్నాయి కాబట్టి కవర్ అవుతాయి. ఎంత వరకు అన్న పరిమితి పాలసీలో చూసుకోవాలి.

- ఆయుర్వేదం: గుర్తింపు ఉన్న ఆయుష్ ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకుంటే మిగతా వైద్యాలతో సమానంగా చూడాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. నాటు వైద్యం, కట్టు లాంటివి వేరు. మన దగ్గర ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరిగెత్తేవాళ్లు ఎక్కువ. పాలసీలో చెప్పిన "హాస్పిటల్" నిర్వచనంలోకి రాని చోట పెట్టిన ఖర్చుకు క్లెయిమ్ ఉండదు. వెన్ను మీద పడిన దెబ్బకైతే ముందు ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికే వెళ్లడం మంచిది.

బెంగళూరు వెళ్తారా..? అయితే ఇది చదవండి

మదనపల్లె నుంచి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. కుప్పం వాళ్లకు రైలెక్కితే బెంగళూరే. స్థానికంగా కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. తిరుపతిలో స్విమ్స్, బర్డ్ ఉన్నాయి. వేలూరు సీఎంసీ కూడా మరీ దూరం కాదు. అయినా వెన్నెముక ఆపరేషన్ అనగానే చాలా కుటుంబాలు పెద్ద నగరం వైపే చూస్తాయి.

ఇక్కడ మెలిక ఉంది. కొన్ని కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడగొట్టి ప్రీమియం వేస్తాయి. చిన్న ఊరి అడ్రస్ ఇస్తే ప్రీమియం తక్కువ పడుతుంది. కానీ అదే పాలసీతో బెంగళూరులో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మీరే కట్టాలని షరతు ఉండొచ్చు. దాన్ని కో-పే అంటారు. పాలసీ కొనేటప్పుడే "బెంగళూరులో చేయించుకుంటే కో-పే ఎంత" అని ఒక్క ప్రశ్న అడగండి.

రూమ్ రెంట్ పరిమితి కూడా చూడండి. రోజుకు 4 వేలు పరిమితి ఉన్న పాలసీతో 8 వేల గదిలో చేరితే, గది తేడా ఒక్కటే కాదు. సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీల్లాంటివి కూడా అదే నిష్పత్తిలో, అంటే సగానికి కోత పడొచ్చు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల బిల్లులకు ఈ కోత వేయకూడదని ఐఆర్‌డీఏఐ నిబంధన. స్క్రూలు, రాడ్లు వేసిన కేసుల్లో ఇది పెద్ద మొత్తమే. సెటిల్‌మెంట్ షీట్‌లో అక్కడ కోత కనిపిస్తే ప్రశ్నించండి.

క్యాష్‌లెస్ విషయంలో టైమ్ లిమిట్ కూడా ఉంది. రిక్వెస్ట్ వచ్చిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ సమయంలో తుది అనుమతి 3 గంటల్లోపు ఇవ్వాలి. 2024 మే 29న వచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో ఇది స్పష్టంగా ఉంది.

కాళ్లు పడిపోయి వీల్‌చైర్‌లో ఉన్నవారికి పాలసీ ఇస్తారా..?

కొన్నేళ్ల కిందటి దాకా దాదాపుగా "లేదు" అనే సమాధానమే వచ్చేది. దాన్ని మార్చిన కేసు ఒకటి ఉంది.

వెన్నుపాముకు దెబ్బ తగిలి ఛాతీ కింద శరీరం చచ్చుబడిన ఓ వ్యక్తి ఉద్యోగం చేసుకుంటూ, వీల్‌చైర్‌లోనే జీవనం సాగిస్తున్నారు. హెల్త్ పాలసీ కోసం రెండు కంపెనీలకు వెళ్తే రెండూ కాదన్నాయి. ఆయన ఢిల్లీ హైకోర్టుకెక్కారు. 2022 డిసెంబర్‌లో జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ తీర్పు ఇచ్చారు. జీవించే హక్కులో ఆరోగ్య హక్కు భాగమని, వైకల్యం ఉన్నవారి కోసం పాలసీలు తెచ్చేలా చూడాలని ఐఆర్‌డీఏఐని ఆదేశించారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ తీర్పుకు ఆధారం.

ఆ తర్వాత రెండున్నర నెలలకే, 2023 ఫిబ్రవరి 27న ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. దివ్యాంగులు, హెచ్‌ఐవీ ఉన్నవారు, మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం ప్రతి జనరల్, హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఒక పాలసీ అందుబాటులో ఉంచాలని చెప్పింది. మోడల్ పాలసీలో బీమా మొత్తం 4 లక్షలు లేదా 5 లక్షలు. వెయిటింగ్ పీరియడ్లు, కో-పే ఉంటాయి. పెద్ద సర్జరీకి ఈ మొత్తం చాలకపోవచ్చు. కానీ జ్వరం, ఇన్‌ఫెక్షన్, కిడ్నీ సమస్య లాంటి వాటికి ఆసుపత్రిలో చేరితే ఆదుకుంటుంది. వెన్నుపాము దెబ్బతిన్న వారికి మూత్ర సంబంధ ఇన్‌ఫెక్షన్లు, పడక పుండ్లు తరచూ ఇబ్బంది పెడతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

దీనికి 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర సదరం క్యాంపులో డాక్టర్లు పరీక్షించి ఇస్తారు. స్లాట్ వివరాలు గ్రామ, వార్డు సచివాలయాల్లో అడగొచ్చు. పెన్షన్ కోసం తీసుకున్న సర్టిఫికెట్ ఇంట్లో ఉంటే అదే ఇక్కడా పనికొస్తుంది. ఏజెంట్ "అలాంటి పాలసీ లేదు" అంటే కంపెనీ కస్టమర్ కేర్‌కు "దివ్యాంగుల పాలసీ" అని పేరుపెట్టి అడగండి.

ప్రైవేట్ పాలసీ రాకపోతే దారేంటి..?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ: 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇది. న్యూరో సర్జరీ, ఆర్థోపెడిక్స్ విభాగాల్లో వెన్నెముక సర్జరీలూ ఉన్నాయి. జబ్బు ముందే ఉందా అన్న ప్రశ్న లేదు, వెయిటింగ్ లేదు. చికిత్స పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర కేబినెట్ యూనివర్సల్ హెల్త్ పాలసీకి ఆమోదం తెలిపింది. అందులో 2.5 లక్షల వరకు ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్ట్ ద్వారా చెల్లించే విధానం ఉంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లోని కొన్ని ఆసుపత్రులకు ఈ పథకాన్ని 2019 నవంబర్‌లోనే విస్తరించారు. అయితే లిస్టు మారుతూ ఉంటుంది. బస్సెక్కే ముందే 104కు ఫోన్ చేసి, ఆ ఆసుపత్రిలో ఆ సర్జరీకి పథకం వర్తిస్తుందా అని కనుక్కోండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది.

వయో వందన: 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల కవరేజీ. కేంద్రం 2024 అక్టోబర్ 29న ప్రారంభించింది. మొదటి రోజు నుంచే పాత జబ్బులకూ వర్తిస్తుంది.

ఈఎస్‌ఐ: పది మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలు, సంస్థల్లో నెలకు 21 వేలలోపు జీతం ఉన్నవారికి. దివ్యాంగులకు ఈ పరిమితి 25 వేలు. జీతం స్లిప్‌లో 0.75 శాతం కట్ అవుతోందా లేదా చూసుకోండి.

ఆఫీస్ గ్రూప్ పాలసీ: బెంగళూరు కంపెనీల్లో చేసేవారికి ఇదే పెద్ద వరం. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. తల్లిదండ్రులను చేర్చే వీలుంటే నడుము ఆపరేషన్ అవసరమైన అమ్మానాన్నలకు అదే సులువైన దారి. ఉద్యోగం మానేసే ముందు, అదే కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం గురించి హెచ్‌ఆర్‌ను అడగండి.

సురక్ష బీమా: బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలే. 18 నుంచి 70 ఏళ్ల వారికి. ప్రమాదంలో మరణించినా, పూర్తి శాశ్వత వైకల్యం కలిగినా 2 లక్షలు. ఆసుపత్రి బిల్లు కట్టదు. కానీ చెట్టు మీంచి, మిద్దె మీంచి పడి వెన్ను విరిగే ప్రమాదాలున్న పల్లెల్లో ఇది అందరికీ ఉండాలి.

అప్లై చేసే ముందు ఈ కాగితాలు రెడీ చేసుకోండి

- ఎమ్మారై, ఎక్స్‌రే రిపోర్టులు. ఫిల్మ్ ఒక్కటే కాదు, రాతపూర్వక రిపోర్ట్ కూడా.
- మొదట నొప్పి వచ్చిన తేదీ నుంచి డాక్టర్ చీటీలు, తేదీల వరుసలో.
- సర్జరీ అయి ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ, ఇంప్లాంట్ స్టిక్కర్లు.
- "ప్రస్తుతం సర్జరీ అవసరం లేదు, రోజువారీ పనులు చేసుకుంటున్నారు" అని నిజంగా పరిస్థితి అదే అయితే డాక్టర్ దగ్గర తాజా లెటర్.
- యాక్సిడెంట్ కేసైతే ఎమ్మెల్సీ కాపీ, ఎఫ్‌ఐఆర్ ఉంటే అది కూడా. డిస్క్ ప్రమాదం వల్లే జారిందని చెప్పడానికి ఇవే ఆధారం.

ఇప్పటికే పాలసీ ఉండి కంపెనీ మారాలనుకుంటే దాన్ని వదిలేసి కొత్తది కొనకండి. పోర్టబిలిటీ కింద మారండి. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే మొదలుపెట్టండి. పాత బీమా మొత్తం వరకు, అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం లెక్కలోకి వస్తుంది. ఒకసారి క్లెయిమ్ చేశారన్న కారణంతో పాత కంపెనీ రెన్యువల్ నిరాకరించకూడదు కూడా.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఎక్కడికి వెళ్లాలి..?

ముందుగా కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఏ క్లాజ్ కింద తిరస్కరించారో చెప్పమనండి. క్లెయిమ్‌ను కింది స్థాయి ఉద్యోగి ఒక్కడే కొట్టేయడానికి వీల్లేదు. కమిటీ చూశాకే తిరస్కరించాలని 2024 సర్క్యులర్ చెబుతోంది.

ఐఆర్‌డీఏఐకి చెందిన బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. టోల్ ఫ్రీ నంబర్ 155255.

నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. ఏపీ, తెలంగాణలకు హైదరాబాద్‌లో ఆఫీస్ ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోపే వెళ్లాలి. అంబుడ్స్‌మన్ ఆదేశాన్ని 30 రోజుల్లో అమలు చేయకపోతే కంపెనీ రోజుకు 5 వేల చొప్పున మీకు కట్టాలి. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే వినియోగదారుల కమిషన్ ఉంది.

చివరిగా..

ఎమ్మారైలో డిస్క్ జారిందని తెలిసిన రోజే పాలసీ గుర్తొస్తుంది. అప్పటికి మూడేళ్ల గడియారం ఇంకా మొదలే కాలేదు. కాబట్టి ఇంట్లో నడుము బాగున్నవాళ్లకు ఇవాళే తీసుకోండి. బాగోలేనివాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పి తీసుకోండి. ఈ మూడేళ్ల మధ్యలో అవసరం పడితే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఈఎస్‌ఐ, ఆఫీస్ పాలసీల్లో మీకు ఏది వర్తిస్తుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

అన్నట్టు, నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య స్పర్శ తగ్గడం, కాలు ఒక్కసారిగా బలహీనపడటం కనిపిస్తే ఇన్సూరెన్స్ లెక్కలు పక్కన పెట్టేయండి. అది ఎమర్జెన్సీ. గంటలు కూడా విలువైనవే. 108కు ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.